బ్రోనా కొన్న ఏడాది టికెట్

బ్రోనా ఆ టికెట్ కార్డును బల్ల మీద పెట్టేసరికి నా చేతిలో తురుపు అయిదు ఉంది. మేం ఆడే 'ఇరవై అయిదు' పేకాటలో అంతకు మించిన ముక్క లేదు. అయినా దాన్ని ఆడటం మరిచిపోయాను.

డిసెంబరు నెల, సోమవారం. పొద్దున ఆరూ యాభై రెండు బండి పోర్టార్లింగ్టన్ వదిలి పది నిమిషాలైంది. కిటికీ అవతల ఇంకా చీకటి. మూడో పెట్టెలో, తలుపు పక్కన, నలుగురు ఎదురెదురుగా కూర్చునే బల్ల మాది. ఎవరూ రాసివ్వలేదు. అయినా ఆ బండిలో ఎవరినడిగినా మాదనే చెబుతారు.

నా పక్కన టైగ్ లూబీ, డబ్లిన్ కోర్టులో గుమాస్తా. ఎదురుగా అసంప్టా కెహో, ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. నేను మలాకీ బ్రీన్. పెయింట్లు దిగుమతి చేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా జీతాల లెక్క చూస్తున్నాను. నాలుగో సీటు సెప్టెంబరు నుంచి బ్రోనా ఫెన్నెల్లీది. ఆమెకు నలభై నాలుగేళ్లు. పేకాటలో మా ముగ్గురికంటే గట్టిది.

"చూడండి, కొత్త సంవత్సరానికి కొత్త టికెట్!" అంది బ్రోనా. "శనివారం కొన్నా. జనవరి ఒకటి నుంచి డిసెంబరు దాకా. ఇక సోమవారం సోమవారం మెషీన్ ముందు చలిలో నిలబడక్కర్లేదు."

టైగ్ ఈల వేశాడు. "బ్యాంకుకేమైనా కన్నం వేశావా?"

"క్రెడిట్ యూనియన్‌లో అప్పు తీసుకున్నా. పన్ను తగ్గింపు వస్తుందిగా, తీర్చేస్తా. మీ అందరికీ వస్తోందిగా?"

"మాకు వస్తోంది. నీకెలా వస్తుంది?" అంది అసంప్టా.

"అదేం ప్రశ్నే? మందుల బిల్లులకు ఎలా వస్తుందో అలాగే. రసీదు బిస్కెట్ల డబ్బాలో వేశా. ఏడాది చివర పన్నుల ఆఫీసుకు చూపిస్తే తిరిగిచ్చేస్తారు."

అసంప్టా ముక్కలు కింద పెట్టింది. టైగ్ నా వైపు తిరిగాడు. నేను బల్ల మీది కార్డునే చూస్తున్నాను.

"మలాకీ, ఏంటా మొహం? చచ్చినోణ్ణి చూసినట్టు?" అంది బ్రోనా.

మా బల్లకు ఒక నియమం ఉంది. సాలిన్స్ స్టేషన్ వచ్చేదాకా ఎవరూ ఆఫీసు మాట ఎత్తకూడదు. ఎత్తినవాడు శుక్రవారం అందరికీ బన్నులు కొనాలి. సాలిన్స్ దాటాక ముక్కలు సర్దడం, కోట్లు వేసుకోవడంతోనే సరిపోతుంది. అందువల్ల మూడు నెలలు ఎదురెదురుగా కూర్చున్నా, ఏటా నూట నలభై మందికి ఇవే టికెట్లు తెప్పించే నేను ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

"బన్నులు నేనే కొంటాను. బ్రోనా, ఆ టికెట్ మీ కంపెనీ కొనలేదు కదా?" అన్నాను.

"నేనే కొన్నానని చెప్పాగా. మా కంపెనీకీ దీనికీ ఏం సంబంధం?"

"సంబంధమంతా అక్కడే ఉంది."

చెప్పాను. ఈ తగ్గింపు రసీదు చూపించి తీసుకునేది కాదు. టికెట్‌ను యజమానే రైళ్లవాళ్ల దగ్గర కొనాలి. ఆ ధరను నెలనెలా మన జీతంలోంచి, పన్ను వేయకముందే పట్టుకోవాలి. టికెట్‌కు పోయిన భాగం మీద పన్ను పడదు. ఆ పడని పన్నే మన లాభం. సొంత డబ్బుతో మనమే కొనుక్కుంటే అది వట్టి టికెట్. డబ్బాలో ఎన్నేళ్లు దాచినా ఆ రసీదు రసీదే.



"యేసూ మరియా యోసేపూ!" అంది బ్రోనా మెల్లగా. "లెక్కంతా వేసుకున్నానే. ఒక్కో యూరో వేసుకున్నా. ఆ తగ్గింపు వస్తేనే ఈ జీతంతో ఏడాది గడుస్తుంది."

"లేకపోతే?" అన్నాడు టైగ్.

"లేకపోతే సూపర్ మార్కెట్. చికెన్ రోల్స్."

ఒకే ఊరివాళ్లం కాబట్టి ఆ సంగతి మాకు తెలుసు. పదిహేనేళ్లు ఆమె మా ఊరి సూపర్ మార్కెట్‌లో, కౌంటర్ వెనక హ్యామ్ కోసింది, రోల్స్ చుట్టింది. ఆరేళ్లు సాయంత్రం క్లాసులకు వెళ్లి రంగు గాజు కిటికీల పని నేర్చుకుంది. సెప్టెంబరులో డబ్లిన్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఉద్యోగం దొరికింది. చర్చిల పాత కిటికీలు విప్పి, సీసం పట్టీలు మార్చి, మళ్లీ బిగించే పని. సూపర్ మార్కెట్ మేనేజర్ మాత్రం ఆమెను వదల్లేదు. పాత ఉద్యోగం ఖాళీగానే ఉందని, తిరిగొస్తుందో లేదో ఈ శుక్రవారంలోగా చెప్పమని, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటానని కబురు పెట్టాడు.

"ఈ టికెట్ ఇంకా మొదలవలేదు," అన్నాను. "ఈ రోజే వెనక్కి ఇచ్చెయ్. డబ్బు తిరిగొస్తుంది, అప్పు కట్టెయ్. కొత్తది మీ ఓనర్ చేత కొనిపిద్దాం. జనవరి టికెట్లకు ఆఖరు గడువు ఎల్లుండి, బుధవారం సాయంత్రం అయిదు."

"మిసెస్ కాన్రాయ్ చేతా?" బ్రోనా నవ్వింది. అది నవ్వులా లేదు. "నేను చేరి మూడు నెలలే అయింది. అప్పుడే నాకు ఇది కావాలి, అది కావాలి అని చెయ్యి చాపమంటావా?"

"ఆమెకు నష్టమేం లేదు తల్లీ. నీ జీతం మీద ఆమె ప్రభుత్వానికి కట్టాల్సిన వాటాలో కూడా కొంత మిగులుతుంది."

"అయితే ఆ మాట నువ్వొచ్చి చెప్పు," అంది బ్రోనా. "నేను చెబితే నాకే అర్థం కావట్లేదు, ఆమెకేం అర్థమవుతుంది?"

టైగ్ నా మోచేతిని పొడిచాడు. "వెళ్లవోయ్. ఇరవై ఆరేళ్లుగా ఇంత విద్య దాచుకున్నావు. ఎవరికైనా పనికి రానీ."

*

మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటకు నేను డబ్లిన్ స్టోనీబ్యాటర్‌లో ఒక సందు చివర, బ్రోనా వర్క్‌షాపు ముందు నిలబడి ఉన్నాను. చంకలో ఫైలు. తలుపు తట్టాను.

తలుపు తీసిన మనిషి పొట్టిగా ఉంది. డెబ్బై ఒక్క ఏళ్ల ఇడా కాన్రాయ్. తోలు ఏప్రన్, ముక్కు మీద కళ్లజోడు, నుదుటి మీద ఇంకో కళ్లజోడు. ఆమె వెనక వెలుగుతున్న బల్ల మీద, విప్పిన కిటికీలోని ఒక సెయింట్ తల లేకుండా పడుకుని ఉన్నాడు. తల కోసం బ్రోనా గాజు కోస్తోంది. మమ్మల్ని చూడనట్టు నటిస్తోంది.

"బ్రోనా చెప్పింది. పన్ను గురించిట," అంది మిసెస్ కాన్రాయ్. "కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దానికి మూడు కాళ్లే."

నేను ఇంకో స్టూలు చూసుకుని, ఫైలు తెరిచాను. ఈ పని నాకు కొట్టిన పిండి. నూట నలభై మందికి చెప్పాను, డైరెక్టర్లకు చెప్పాను, ఒకసారి పాదిరీకి కూడా చెప్పాను. నాలుగు నిమిషాల్లో ముగించాను. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అది మంచి గుర్తు కాదని నాకు అప్పుడే తట్టాల్సింది.

"అంటే," అంది చివరికి, "బ్రోనాకు డబ్బు మిగులుతుంది."

"అవునండీ."

"నాకూ మిగులుతుంది."

"కొంత, అవునండీ."

"మీకెంత ముడుతుంది?"

"నాకా? ఏమీ లేదండీ."

"రైళ్లవాళ్లకు టికెట్ డబ్బు పూర్తిగా అందుతుంది. అందరికీ బాగానే ఉంది. మరి పోయేదెవరికి?"

"ప్రభుత్వానికండీ."

మిసెస్ కాన్రాయ్ ముక్కు మీది కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నలభై ఏళ్లుగా ఈ కొట్టు నడుపుతున్నాను, మిస్టర్ బ్రీన్. ప్రభుత్వం నాకు ఊరికే ఒక్క పెన్నీ వదల్లేదు. ఎనభై ఏడులో మా ఆయన లోర్కన్‌కు ఎవరో పెద్దమనిషి, మీలాగే ఫైలు పట్టుకొచ్చి, వ్యాను మీద పన్ను ఆదా చేసే మార్గం చెప్పాడు. తర్వాత ఏమైందో తెలుసా? ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు. పదకొండు రోజులు. ఇదిగో, మీరు కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, నా టీ తాగుతూ, నా కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. లోర్కన్‌కు అప్పుడు తెల్లబడిన జుట్టు మళ్లీ నల్లబడలేదు."

"ఇది అలాంటిది కాదండీ. ఇది చట్టంలోనే ఉంది."

"ఆయన కూడా ఇదే మాటన్నాడు."

"అంత డబ్బు ముందు మీరు కట్టినా, ఆమె మధ్యలో మానేస్తే మిగిలిన నెలలకు..." అని మొదలుపెట్టాను.

"బ్రోనా మానేస్తుందా?" మిసెస్ కాన్రాయ్ చటుక్కున అటు తిరిగింది. గాజు కోత ఆగిపోయింది. "మానేస్తున్నావా?"

"లేదండీ," అంది బ్రోనా. తర్వాత, అబద్ధం చేతకాని మనిషి కాబట్టి, "మానాలని లేదండీ," అని దిద్దుకుంది.

మిసెస్ కాన్రాయ్ లేచి తలుపు తీసింది.

"ఆ కాగితాలు అక్కడ పెట్టి వెళ్లండి, మిస్టర్ బ్రీన్. చదవనని చెప్పను. సంతకం చేస్తానని కూడా చెప్పను."

సాయంత్రం బండిలో మేం ముక్కలు పంచలేదు.

"నలభై ఏళ్లుగా పట్టుకున్న భయాన్ని నాలుగు నిమిషాల్లో ఎలా దించుతావోయ్?" అన్నాడు టైగ్. అతను ఓదార్చడానికే అన్నాడు.

"ఫిబ్రవరి టికెట్ తీసుకోవచ్చుగా? నెమ్మదిగా నచ్చజెప్పి?" అంది అసంప్టా.

"శుక్రవారం మేనేజర్ అడుగుతాడు," అంది బ్రోనా. "ఫిబ్రవరిలో మిసెస్ కాన్రాయ్ ఒప్పుకుంటుందేమో అని నమ్ముకుని ఆ ఉద్యోగం వదిలెయ్యమంటావా? ఇంట్లో అద్దె ఎవరు కడతారు?" ఆమె చేతుల వైపు చూసుకుంది. గోళ్ల చుట్టూ నల్లగా, కిటికీ గాజులకు పూసే సిమెంటు. "ఆ సెయింట్ తల మాత్రం నేనే పెడతా. అది పెట్టాకే ఏదైనా."

ఆమె టికెట్ తిరిగిచ్చేసింది. ఆ ఒక్క పనీ అయింది.

*

బుధవారం. మధ్యాహ్నం రెండూ యాభై.

నా బల్ల మీద ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"మిస్టర్ బ్రీన్? ఇడా కాన్రాయ్‌ని. మీ గురించి పన్నుల ఆఫీసుకు ఫోన్ చేశాను."

నా వెన్ను నిటారుగా అయింది. "నా గురించా?"

"మీ గురించే. మలాకీ బ్రీన్ అని ఒకాయన ఫైలు పట్టుకుని తిరుగుతున్నాడు, ఇతను మోసగాడా కాదా చెప్పండి అన్నాను. నలభై నిమిషాలు పాట వినిపించారు. తర్వాత ఒక కెర్రీ జిల్లా అమ్మాయి దొరికింది. చాలా మర్యాదస్తురాలు. మీరెవరో తనకు తెలియదంది."

"తెలియదండీ. నేనూ ఆమెను..."

"కానీ ఈ టికెట్ సంగతి నిజమేనంది. నేను మూడుసార్లు చెప్పించుకున్నాను. పేరు రాసుకున్నాను. రేపు ఇన్‌స్పెక్టర్లు వస్తే ఈ పిల్లను పిలవండి అని చెబుతాను." ఊపిరి తీసుకుంది. "అయిదింటికే కదా గడువు? కంప్యూటర్ నాకు రాదు. మీరు వస్తారా? టీ ఇస్తాను."

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి మూడు గంటలకే కోటు వేసుకున్నాను. మా మేనేజర్ నోరు తెరిచేలోపు మెట్లు దిగిపోయాను. ట్రామ్ నా కళ్ల ముందే కదిలిపోయింది. తర్వాతది తొమ్మిది నిమిషాలకు. నది పక్కన నడిచాను. తర్వాత పరుగెత్తాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చంకలో ఫైలుతో, డిసెంబరు వానలో ఎందుకు పరుగెడుతున్నాడని జనం చూశారు. చూడనిచ్చాను.

మూడూ నలభైకి వర్క్‌షాపు. కంప్యూటర్ ఒక గాజు పెట్టె మీద ఉంది. అది లేవడానికే పదకొండు నిమిషాలు పట్టింది.

రైళ్లవాళ్ల వెబ్‌సైట్ తెరిచాను. కంపెనీ పేరు. చిరునామా. యజమాని పన్ను రిజిస్ట్రేషన్ నంబరు.

"ఆ నంబరు పాత ఉత్తరాల్లో ఎక్కడో ఉంటుందండీ, వెతకాలి," అన్నాను. నా కళ్లు గోడ వెంట పేర్చిన నలభై ఏళ్ల అట్టపెట్టెల మీద ఉన్నాయి.

మిసెస్ కాన్రాయ్ కళ్లు మూసుకుంది. ఏడు అంకెలు, చివర ఒక అక్షరం, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"పదకొండు రోజులు, మిస్టర్ బ్రీన్. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

నాలుగూ పది. జీతంలోంచి పట్టుకోవడానికి బ్రోనా ఒప్పుకుంటున్నట్టు కాగితం కావాలి. పక్కగదిలోంచి ఆమె వచ్చింది. చేతుల నిండా నల్ల సిమెంటు. సంతకం పక్కన బొటనవేలి ముద్ర కూడా పడింది. "అది తుడవకండి, అదే అసలు సంతకం," అంది మిసెస్ కాన్రాయ్.

నాలుగూ ఇరవై రెండు. ఎన్ని టికెట్లు కావాలని తెరమీద ప్రశ్న. నేను ఒకటి నొక్కబోయాను.

"ఆగండి," అంది మిసెస్ కాన్రాయ్. ముక్కు మీది కళ్లజోడు పక్కన పెట్టి నుదుటి మీది కళ్లజోడు దించింది. "ఇది పనివాళ్లకేనా? యజమానికి రాదా?"

"కంపెనీలో మీరు జీతం తీసుకుంటున్నారా?"

"తీసుకోకపోతే ఏం తిని బతుకుతాను?"

"అయితే మీకూ వస్తుందండీ. డైరెక్టర్లకూ ఉంది."

"నేనుండేది కిల్డేర్‌లో," అందామె నెమ్మదిగా. "రోజూ వ్యాను నడుపుకుంటూ వస్తాను. ఆ హైవే మీద లారీలవాళ్లు నన్ను చూసి హారన్ కొడతారు. మోకాలు ఒప్పుకోవడం లేదు. డాక్టరు చెబితే వినలేదు." బ్రోనా వైపు తిరిగింది. "మీ బండి కిల్డేర్‌లో ఆగుతుందా?"

బ్రోనా నా వైపు చూసింది. నేను తెరవైపు చూశాను.

"ఆగుతుందండీ," అంది బ్రోనా.

"రెండు," అంది మిసెస్ కాన్రాయ్.

రెండు నొక్కాను. నాలుగూ ముప్పై ఒకటి. డబ్బు కట్టాలి. బ్యాంకు పేజీ తెరుచుకుంది. ఖాతా వివరాలు ఆమె చెబుతుంటే కొట్టాను. అప్పుడు తెర మీద ఒక వాక్యం వచ్చింది. మీ మొబైల్‌కు ఆరు అంకెల కోడ్ పంపాం.

"మీ ఫోన్ చూడండి," అన్నాను.

ఆమె ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసింది. ఏమీ రాలేదు. ఒక నిమిషం చూశాం. రెండు నిమిషాలు చూశాం. మళ్లీ పంపమని నొక్కాను. నాలుగూ ముప్పై తొమ్మిది.

"ఈ నంబరేనా బ్యాంకులో ఇచ్చింది?"

మిసెస్ కాన్రాయ్ లేచి కొలిమి పక్కనున్న బీరువా దగ్గరికి వెళ్లింది. పై సొరుగు లాగింది. సీసం కోసే కత్తుల మధ్య ఒక పాత ఫోన్. దానికి గుచ్చిన వైరు బీరువా వెనక్కి పోయింది. చార్జింగ్ దీపం వెలుగుతోంది.

"లోర్కన్‌ది. పోయి నాలుగేళ్లు," అంది. "బ్యాంకువాళ్లు మెసేజులన్నీ ఆయన నంబరుకే పంపుతారు. మార్పించుకోమన్నారు. ఫారాలు ఇచ్చారు." ఫోన్‌ను ఏప్రన్ అంచుతో తుడిచింది. "అలాగే ఉంచితే ఇది నెలకు రెండుమూడు సార్లు మోగుతుంది కదా అని మార్పించలేదు."

బ్రోనా ఆమె పక్కకు వెళ్లి నిలబడింది.

కోడ్ ఇంకోసారి పంపమని నొక్కాను. ఈసారి ఆమె చేతిలోని ఫోన్ టింగుమంది.

"నాలుగు, సున్నా, తొమ్మిది," అని చదివింది మిసెస్ కాన్రాయ్, "తొమ్మిది, ఒకటి, ఆరు."

కొట్టాను. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

నాలుగూ నలభై ఏడు. ఆర్డరు అందింది. రెండు ఏడాది టికెట్లు. జనవరి ఒకటి నుంచి.

బ్రోనా అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. అది మూడు కాళ్లది. మరుక్షణం నేల మీద ఉంది. కింద కూర్చునే నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు.

"ఆ కిటికీకి ఏమీ కాలేదు కదా?" అంది మిసెస్ కాన్రాయ్. తర్వాత చెయ్యి అందించింది.

*

శుక్రవారం సాయంత్రం బండిలో, న్యూబ్రిడ్జి దాటాక, బ్రోనా ఫోన్ మోగింది. సూపర్ మార్కెట్ మేనేజర్. మా నోళ్ల నిండా నేను కొన్న బన్నులు. ఆమె స్పీకర్ పెట్టలేదు గానీ ఆయన గొంతు మాకు బాగానే వినిపించింది.

"ఏమంటావు బ్రోనా? వస్తున్నావా?"

"రావట్లేదండీ. చాలా థాంక్స్."

"అక్కడ జీతం మాకంటే ఎక్కువిస్తున్నారా?"

"లేదండీ. కాస్త తక్కువే."

"పని తేలికా?"

"నడుం విరుగుతోంది."

"మరి దేనికి ఉంటున్నావు అక్కడ?"

"ఇవాళ ఒక సెయింట్‌కు తల పెట్టానండీ," అంది.

చివరికి ఆయన క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి పెట్టేశాడు. అసంప్టా నాలుగో బన్ను ఆమె వైపు జరిపింది. టైగ్ ముక్కలు పంచాడు. ఆ సాయంత్రం బ్రోనా మమ్మల్ని ముగ్గురినీ ఊడ్చేసింది. పోర్టార్లింగ్టన్‌లో దిగేటప్పుడు ఏదో పాట ఈల వేస్తూ మెట్లెక్కింది.

*

సెలవులయ్యాక మొదటి పనిరోజు. ఆరూ యాభై రెండు బండి.

బ్రోనా కొత్త టికెట్ మీద ఆమె పేరు ఉంది. మా ముగ్గురి టికెట్ల మీదా మా పేర్లున్నాయి. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ పట్టించుకోలేదు. టైగ్‌కు జలుబు. అసంప్టా ఫ్లాస్కులోంచి టీ పోసింది. మొనాస్టెరెవిన్ దాటింది. కిల్డేర్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.

లోపలికి వచ్చిన మనిషి పొట్టిగా ఉంది. ముక్కు మీద కళ్లజోడు, నుదుటి మీద ఇంకో కళ్లజోడు. పెట్టె అంతా ఒకసారి చూసి నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చి ఆగింది.

"మీరు ఆడేది ఇరవై అయిదా?" అంది మిసెస్ కాన్రాయ్.

"అవునండీ," అన్నాడు టైగ్ ముక్కు చీదుతూ.

"అయిదుగురితో కూడా ఆడొచ్చు. కొంచెం జరుగుతావా, బాబూ?"

టైగ్ నా వైపు జరిగాడు. నేను కిటికీకి అతుక్కున్నాను. ఆమె టైగ్ పక్కన సీటు అంచున కూర్చుని, ముక్కలు చేతిలోకి తీసుకుని, చూసేవాళ్లకు కళ్లు తిరిగేంత వేగంగా కలిపింది. బ్రోనా ముఖం చూశాను. పొద్దున్నే యజమానురాలు ఎదురుగా కూర్చుంటే మనిషి ముఖంలో ఉండాల్సిన బెరుకేమీ లేదు. ముక్కల కోసం చెయ్యి చాపి ఎదురుచూస్తోంది.

"నేను ఊరుకోనండీ ఇక్కడ. ఓనరని వదిలిపెట్టను," అంది.

"వదిలిపెడితే రేపటి నుంచి వ్యానులో వస్తాను," అంది మిసెస్ కాన్రాయ్, పంచుతూ.

టికెట్ల ఇన్‌స్పెక్టర్ పెట్టె ఆ చివర కనిపించాడు. ఆమె పంచడం ఆపింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, కార్డు తీసి, అతను ఇంకా ఎనిమిది వరుసల అవతల ఉండగానే చెయ్యెత్తి పట్టుకుంది. అతను దగ్గరికి వచ్చేదాకా దించలేదు.

"సరిగ్గా చూడు నాయనా. చట్టప్రకారమే ఉంది. కావాలంటే కెర్రీ అమ్మాయి పేరు కూడా ఇస్తాను," అంది.

అతను చూశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలా ఎవరూ చెప్పి ఉండరు. "బాగుందండీ," అన్నాడు, ఇంకేం అనాలో తోచక, ముందుకు వెళ్లాడు.

బయట సాలిన్స్ పొలాల మీద చీకటి పలచబడుతోంది. మొదటి ఆట మిసెస్ కాన్రాయ్ గెలిచింది. రెండోది బ్రోనా.